ముందు తీగలు... ఆ తర్వాతే బాక్సులు!

పాటల కచేరీకి వెళ్ళినప్పుడు మన కళ్ళు ఎవరి మీద ఉంటాయి? పాడేవాళ్ళ మీద. ఆ తర్వాత కీబోర్డు మీద, డ్రమ్స్ మీద. ఓ పక్కన నాలుగు లావుపాటి తీగలున్న గిటారు తగిలించుకుని నిలబడ్డ మనిషిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ మనిషి రెండు నిమిషాలు వాయించడం ఆపితే చాలు, 'ఇదేంటి, పాట ఇలా బోసిపోయింది!' అనిపిస్తుంది. తగ్గిందేమిటో మాత్రం చెప్పలేం. పప్పులో ఉప్పులాంటిదన్నమాట బేస్ గిటారు.

ఇది మగవాళ్ళ వాయిద్యం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికాలో కేరొల్ కే అనే ఆవిడ గిటారిస్టుగా పనిచేస్తుండగా, 1963లో ఓ రికార్డింగుకి బేస్ వాయించాల్సిన అతను రాలేదు. ఆ పని ఆవిడ చేతికొచ్చింది. ఆ తర్వాత లాస్ ఏంజిలెస్ స్టూడియోల్లో వేలకొద్దీ రికార్డింగులకు ఆవిడే బేస్ వాయించింది. మన దగ్గర ముంబయి అమ్మాయి మోహినీ డే చిన్నతనంలోనే తండ్రి దగ్గర బేస్ నేర్చుకుని, ఎ.ఆర్. రెహమాన్, జాకిర్ హుస్సేన్ లాంటి పెద్దల పక్కన నిలబడి వాయించింది. 2023లో తన పేరుతోనే ఆల్బమ్ కూడా తెచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళలోనూ కాలేజీ బ్యాండ్లలో, చర్చి క్వయర్లలో ఆడపిల్లలు బేస్ పట్టుకుంటున్నారు. చూస్తుంటే ముచ్చటేస్తుంది.

వచ్చిన చిక్కల్లా సామాన్ల దగ్గరే. నేను చర్చి క్వయర్లో మొదలుపెట్టి, ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్ళుగా బేస్ వాయిస్తున్నాను. ఈనాటికీ ఏదన్నా కొనడానికి వెళితే కౌంటర్లో మనిషి నన్ను వదిలేసి, తోడొచ్చిన మా తమ్ముడితో మాట్లాడతాడు. మా తమ్ముడికేమో బేస్ గిటారుకీ మామూలు గిటారుకీ తేడా తెలీదు! అలా ఎవరో ఒకరు మన తరఫున మాట్లాడి, మన తరఫున నిర్ణయించేస్తే ఏమవుతుంది? డబ్బు అవసరంలేని చోట పోతుంది. అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది. చివరికి 'ఇంత ఖర్చుపెట్టినా దీనికి వాయించడం రాలేదు' అన్న మాట ఆ పిల్ల మీద పడుతుంది.

మా వీధిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి ఉంది. కాలేజీ బ్యాండులో బేస్ వాయిస్తుంది. ఆ మధ్య ఓ సాయంత్రం వచ్చింది.

"ఆంటీ, నాన్న నలభై వేలిస్తానన్నారు. పెద్ద ఆంప్లిఫయర్ కొనుక్కుందామనుకుంటున్నా. మీరు కొట్టుకి తోడు రావాలి."

"వస్తాలే గానీ, ఇప్పుడున్నదాంతో నీకొచ్చిన ఇబ్బందేంటో ముందు చెప్పు."

"స్టేజీ మీద సౌండంతా ముద్దముద్దగా ఉంటుందాంటీ. ఏ స్వరం వాయిస్తున్నానో నాకే తెలీదు. అరగంటకే ఎడమ చెయ్యి, భుజం లాగేస్తాయి. పైగా మధ్యమధ్యలో గరగరమని చప్పుడొకటి."

మూడు ఇబ్బందులు చెప్పింది. ఆ మూడింటిలో ఒక్కదానికి కూడా పెద్ద ఆంప్లిఫయర్ మందు కాదు! బేస్ గిటారు విషయంలో డబ్బు పెట్టడానికి ఒక వరుస ఉంది. మన ఒంటి దగ్గర, వేలి దగ్గర మొదలుపెట్టి మెల్లగా బయటికి వెళ్ళాలి. ముందు ఒంటికి సరిపోవడం, తర్వాత తీగలు, ఆ తర్వాత బిగింపులు, లోపలి వైర్లు, పికప్‌లు... చిట్టచివర ఆంప్లిఫయరూ బాక్సులూ. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మీరు వాయించేవాళ్ళయినా, వాయించే పిల్లకి తల్లయినా ఈ వరుస తెలిసుంటే మంచిది.

ఒంటికి సరిపోయిందా?

మామూలు బేస్ గిటారులో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. బరువు దాదాపు నాలుగు కిలోలు. మెడ దగ్గర మొదటి మెట్లు అంటే ఫ్రెట్లు ఎడంగా ఉంటాయి. చిన్న చేతులవాళ్ళు వేళ్ళు బాగా చాపాలి. ఇది అందరికీ తప్పదేమో అనుకోకండి. తీగ పొడవు 30 అంగుళాలే ఉండే 'షార్ట్ స్కేల్' బేస్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫెండర్ కంపెనీ 1966లో తెచ్చిన మస్టాంగ్ బేస్ అలాంటిదే. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా పొట్టి తీగలదే. కాబట్టి 'అది చిన్నపిల్లల వాయిద్యం' అని ఎవరన్నా తీసిపారేస్తే నవ్వి ఊరుకోండి. కొత్తగా కొనేవాళ్ళు రెండూ ఓ పావుగంటసేపు నిలబడి వాయించి చూడాలి. కూర్చుని చూస్తే సగమే తెలుస్తుంది.

ఉన్నదాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే? ముందు బెల్టు మార్చండి. గిటారుతో వచ్చే సన్నని నైలాన్ బెల్టు భుజంలోకి దిగబడుతుంది. మూడు నాలుగు అంగుళాల వెడల్పుండి, లోపలివైపు గరుకుగా ఉండే తోలు బెల్టయితే బరువు పంచుకుంటుంది, జారదు. కొన్ని బేస్‌లకు తల బరువెక్కువ. చెయ్యి వదిలితే మెడ నేలకేసి వాలిపోతుంది. దాన్ని మోస్తున్నది ఎడమ చెయ్యే! మా వీధి అమ్మాయి చెయ్యి లాగడానికి సగం కారణం ఇదే. గరుకు బెల్టుతో చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ వాలుతుంటే తీగలు బిగించే కీలు తేలికరకానివి దొరుకుతాయి, అవి వేయించుకోవచ్చు. అయితే పాత కీల కన్నాల వ్యాసం, స్క్రూల ఎడం కొలుచుకుని మరీ కొనాలి. లేకపోతే కొత్త కన్నాలు పొడవాల్సొస్తుంది.

అయిదు తీగల బేస్ కావాలా అని కూడా పిల్లలు అడుగుతుంటారు. నాలుగు తీగలదాంట్లో అన్నిటికన్నా కింది స్వరం సెకనుకి 41 కంపనాలు. అయిదో తీగ వేస్తే 31 దాకా దిగుతుంది. మెడ వెడల్పూ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. మీరు వాయించే పాటలకి ఆ లోతు అవసరమైతేనే దాని జోలికి వెళ్ళండి.

తీగలతో మొదలు

'సౌండ్ ముద్దగా ఉంది' అనగానే నేను మొట్టమొదట చూసేది తీగల్ని. ఆ అమ్మాయి గిటారు మీదవి రెండేళ్ళ కిందటివి. చేతి చెమట, జిడ్డు, మన కోస్తా ఉప్పుగాలి చుట్ల మధ్య పేరుకుపోయి నల్లబడ్డాయి. అలాంటి తీగ గట్టిగానే మోగుతుంది కానీ స్వరం అంచులు తెలీవు. పైగా శ్రుతి నిలవదు. ఏ ఆంప్లిఫయర్ పెట్టినా ఆ ముద్దనే పెద్దది చేసి వినిపిస్తుంది.

తీగల్లో ముఖ్యంగా రెండు రకాలు. పైన గుండ్రటి సన్నతీగ చుట్టింది 'రౌండ్‌వౌండ్'. కొత్తలో గలగలా మోగుతుంది, స్వరం స్పష్టంగా విడుతుంది. వేళ్ళు జరిపితే కీచుమంటుంది. చదునైన రేకులాంటి తీగ చుట్టింది 'ఫ్లాట్‌వౌండ్'. పట్టులా నున్నగా ఉంటుంది, మెత్తని గుండ్రటి నాదం. ధర ఎక్కువే గానీ ఏళ్ళ తరబడి మన్నుతుంది. కేరొల్ కే రికార్డింగుల్లో వాడింది ఫ్లాట్‌వౌండ్ తీగలే. వాటిమీద మందమైన గుడ్డముక్క అడ్డుపెట్టి, పిక్‌తో మీటేది. మోటౌన్ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా ఆ రకమే వాడేవాడు. తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదని ప్రసిద్ధి! అది ఫ్లాట్‌వౌండ్‌కి చెల్లింది గానీ, రౌండ్‌వౌండ్ వాడేవాళ్ళు నకలు చేస్తే కుదరదు.

లావు కూడా చూసుకోవాలి. ప్యాకెట్టు మీద 45-105 అని ఉంటుంది. అంటే అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో వెయ్యింట 45 వంతులు, లావు తీగ 105 వంతులు. వేళ్ళు నొప్పెడితే 40-100 సెట్టు ప్రయత్నించండి. బిగువు తగ్గి హాయిగా ఉంటుంది. గిటారు 34 అంగుళాలదా, 30 అంగుళాలదా అన్నది కొట్టులో చెప్పి తీసుకోవడం మరిచిపోవద్దు.

మార్చేటప్పుడు ఒక్కొక్క తీగే విప్పి మార్చండి. కీ దాటాక నాలుగైదు అంగుళాలు వదిలి, ఆ చోట ముందు తీగని వంచాలి. ఆ తర్వాతే వంపుకి అవతల కత్తిరించాలి. వంచకుండా కత్తిరిస్తే పైచుట్టు లోపల జారి, కొత్త తీగే మూగబోతుంది. వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడిచిపెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. తీగ ఆయుష్షు మాత్రం బాగా పెరుగుతుంది.

బిగింపులు మీరే చేసుకోవచ్చు

తీగలు మార్చాక మెడ చూడాలి. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. నాలుగు తీగల లాగుడికి మెడ విల్లులా వంగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా చెక్క మారుతుంది గనక అప్పుడప్పుడూ దీన్ని సరిచేసుకోవాలి.

ఎలా చూడాలంటే - లావు తీగని మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి మెట్టు దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టండి. మధ్యలో ఏడెనిమిది మెట్ల దగ్గర తీగకీ మెట్టుకీ సందు ఎంతుందో మరొకరిని చూడమనండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు ఉంటే చాలు. ఎక్కువుంటే ఆలెన్ కీ పెట్టి కుడివైపు పావు చుట్టు బిగించాలి. అసలు లేకపోతే ఎడమవైపు పావు చుట్టు వదులు చెయ్యాలి. ఒక్కసారికి పావు చుట్టే! కాసేపు ఆగి, మళ్ళీ శ్రుతి చేసి చూసుకోవాలి. గట్టిగా ఉండి తిరగకపోతే బలం ఉపయోగించకుండా తెలిసినవాళ్ళకి చూపించండి.

తర్వాత తీగ ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర తీగ కింద రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. ఆ అమ్మాయి గిటారులో నాలుగు మిల్లీమీటర్లుంది! ఎడమ చెయ్యి లాగడానికి మిగతా సగం కారణం అదన్నమాట. బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్కల్ని, వాటిని శాడిల్స్ అంటారు, స్క్రూ తిప్పి కిందికి దించితే సరి.

చివరిది శ్రుతి సరి. పన్నెండో మెట్టు నొక్కి మీటిన స్వరం, వట్టి తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయిలో ఉండాలి. ట్యూనర్‌లో చూడండి. మెట్టు స్వరం పైకి పోతుంటే శాడిల్‌ని వెనక్కి, కిందికి ఉంటే ముందుకి జరపాలి. తీగలు పాతబడి ఉంటే ఈ పని ఎంతసేపు చేసినా తేలదు. అందుకే తీగలు ముందు మార్చమన్నది.

ఈ మూడు పనులకీ కావలసింది రెండు ఆలెన్ కీలు, ఒక స్క్రూడ్రైవరు, స్టీలు స్కేలు, ట్యూనరు. మిక్సీ జారు రబ్బరు మార్చుకునేవాళ్ళకి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

గరగర ఎక్కడిది?

గుండీ తిప్పినప్పుడు గరగరమంటే లోపల దుమ్ము చేరిందని అర్థం. కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, గుండీని పాతికసార్లు అటూ ఇటూ తిప్పితే తరచుగా పోతుంది. కదిలినప్పుడు చప్పుడాగి ఆగి వస్తే వైరో, జాకో వదులై ఉంటుంది. ముందు వేరే కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ వస్తే గిటారు వెనక మూత తీసి జాక్ దగ్గర టాంకా ఊడిందేమో చూడాలి. టీవీలు బాగుచేసే మెకానిక్కయినా పది నిమిషాల్లో టాంకా వేసిస్తాడు. గిటారు లోపల ప్రమాదకరమైన కరెంటు ఉండదు, కేబుల్ తీసేసి భయం లేకుండా తెరవచ్చు. ఆంప్లిఫయర్‌ని మాత్రం ఇంట్లో తెరవద్దు. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.

గుయ్యిమని ఆగకుండా వచ్చే మోత వేరు. గాల్లో ఉన్న కరెంటు వైర్ల ప్రభావాన్ని పికప్ పట్టుకోవడం వల్ల వస్తుంది. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దానిచుట్టూ వేల చుట్ల సన్న రాగితీగ. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చేది ఇదే. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి మొదట ఒకే ముక్కగా ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క పట్టిన మోతని రెండోది రద్దు చేస్తుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి రెండు విడి పికప్‌లుంటాయి. రెండు గుండీలూ పూర్తిగా తిప్పి ఉంచితే మోత తగ్గుతుంది, ఒకటే వాడితే వస్తుంది. అది లోపం కాదు, దాని తీరే అంత! లోపలి గుంతకి రాగి రేకు అంటించి ఎర్త్ వైరుతో కలిపితే చాలావరకు తగ్గుతుంది.

పికప్‌లు ఎప్పుడు మార్చాలంటే... తీగలూ బిగింపులూ సరిచేశాక, కనీసం నెలరోజులు వాయించాక. అప్పటికీ నాదం పేలవంగా ఉంటే మార్చుకోండి. పాతవాటి పొడవు వెడల్పులు కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. జాజ్ బేస్‌లో బ్రిడ్జి వైపు పికప్ మెడ వైపుదానికన్నా కొంచెం పొడుగుండటం మామూలు, రెండూ కొలవాలి. బ్యాటరీతో పనిచేసే 'ఆక్టివ్' సర్క్యూట్ వేయిస్తే గిటారు మీదే హెచ్చుతగ్గులు దిద్దుకోవచ్చు. కానీ కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అవగానే కేబుల్ తీసెయ్యాలి. సంచిలో ఇంకో బ్యాటరీ తప్పనిసరి.

ఇక బరువైన బ్రిడ్జి వేస్తే నాదం మారిపోతుందని చెబుతుంటారు. పాతది తుప్పుపట్టి స్క్రూలు తిరగకపోతే మార్చండి. బాగా పనిచేస్తుంటే ఆ డబ్బు దాచుకోండి.

వాట్లు చూసి మురిసిపోవద్దు

ఇప్పుడు ఆంప్లిఫయర్ సంగతి. కొట్టులో మొట్టమొదట చెప్పేది వాట్లే. 'మేడమ్, ఇది 100, అది 200, డబుల్!' అంటారు. వాట్లు రెట్టింపయితే పెరిగే మోత మూడు డెసిబెల్స్. వింటే కాస్త పెరిగిందనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు మోతలా వినిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి.

బేస్‌కి మామూలు గిటారుకన్నా ఎక్కువ వాట్లు కావాల్సిన మాట నిజమే. మన చెవికి కింది స్వరాలు అంత తొందరగా ఆనవు, వాటిని వినిపించాలంటే ఎక్కువ గాలిని కదపాలి. అందుకే 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే ఆంప్లిఫయర్‌ని 300 వాట్లతో చేసింది. దానికి పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది పట్టే బాక్సు. వాల్వులున్న ఆంప్లిఫయర్ ఒక్కటే 35 కిలోల పైమాట! ఇప్పుడు 'క్లాస్ డి' రకం వచ్చాక అన్ని వాట్లూ మూడు కిలోల లోపు పెట్టెలో ఇమిడిపోతున్నాయి. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పోవచ్చు. మోసేవాళ్ళు లేరని వెనకడుగు వేసే అవసరం ఆడపిల్లలకిక లేదు.

వాట్లకన్నా ముందు బాక్సు 'సెన్సిటివిటీ' ఎంతో అడగండి. ఒకే కరెంటుకి ఏ బాక్సు ఎంత మోగుతుందో చెప్పే అంకె అది. 97 డెసిబెల్స్ బాక్సుకీ 100 డెసిబెల్స్ బాక్సుకీ తేడా, వాట్లు రెట్టింపు చేసినంత! రెండోది ఓమ్‌లు. 8 ఓమ్‌ల బాక్సులు రెండు కలిపితే ఆంప్లిఫయర్ మీద భారం 4 ఓమ్‌లవుతుంది. ఇంకా కలిపితే ఇంకా తగ్గుతుంది. మీ ఆంప్లిఫయర్ వెనక 'కనీసం 4 ఓమ్‌లు' అని రాసుంటే అంతకు దిగకూడదు, లోపల కాలిపోతుంది. ఆంప్లిఫయర్ నుంచి బాక్సుకి లావుపాటి స్పీకర్ వైరే వాడాలి. గిటారు కేబుల్ పైకి అలాగే కనిపించినా లోపల సన్నది, వేడెక్కిపోతుంది.

ఇంతకీ మన అమ్మాయికి పెద్ద ఆంప్లిఫయర్ ఎందుకక్కర్లేదు? కాలేజీ ఫంక్షనయినా పెళ్ళి ఆర్కెస్ట్రా అయినా జనానికి వినిపించేవి అద్దెకి తెచ్చిన పెద్ద బాక్సులు. మన బేస్ 'డీఐ బాక్సు' అనే చిన్న పెట్టె ద్వారా మిక్సర్‌కి వెళుతుంది. అక్కణ్ణించి వాటిలోకి. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్, పొడుగాటి వైరులో మోత పట్టకుండా మిక్సర్ దాకా పోయేలా మార్చేదే ఈ డీఐ. స్టేజీ మీది ఆంప్లిఫయర్ మనకు మనం వినుకోవడానికే. కాబట్టి డీఐ కలిసి ఉన్న మంచి ప్రీఆంప్ పెడల్ ఒకటి సొంతంగా ఉంటే, ఏ ఊళ్ళో ఏ మైక్‌సెట్టు వాళ్ళొచ్చినా మన నాదం మన చేతిలోనే ఉంటుంది. నలభై వేలు ఒక్కచోట పెట్టాల్సిన పని లేదు.

బాక్సు ఎక్కడ పెట్టారు?

చెక్క స్టేజీలు లోపల డొల్ల. దానిమీద బేస్ బాక్సు నేరుగా పెడితే స్టేజీ మొత్తం డప్పులా మోగుతుంది. మూలకి తోసి పెడితే కింది స్వరాలు ఇంకా ఉబ్బుతాయి. పైగా బాక్సు మోకాళ్ళ ఎత్తున ఉంటే మన చెవికి ఆనదు. ఇంకా పెంచుతాం, ముందు వరుసవాళ్ళకి గుండె అదురుతుంది!

బాక్సుని గట్టి కుర్చీ మీదో, బల్ల మీదో ఎత్తి, మన చెవికేసి వాల్చి పెట్టాలి. గోడకీ మూలకీ దూరం జరపాలి. అప్పటికీ ముద్దగా ఉంటే 'బేస్' గుండీ పెంచడం కాదు, కొంచెం తగ్గించాలి. మిక్సర్ దగ్గరుండే అబ్బాయిని 'తమ్ముడూ, 200 దగ్గర కాస్త తగ్గించు' అని అడగండి. 100కీ 250కీ మధ్యనే ఈ ముద్దంతా పేరుకుంటుంది. ఆ మాట వింటే అతనూ మిమ్మల్ని వేరేగా చూస్తాడు.

ఎర్త్ లేకపోతే స్టేజీ ఎక్కొద్దు

ఈ ఒక్క విషయం మాత్రం చదివి వదిలెయ్యకండి. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆంప్లిఫయర్ ఎర్త్ సరిగా లేకో, మైకు సిస్టమ్‌ది సరిగా లేకో ఉంటే, చేతులు తీగల మీద ఉండగా పెదవి మైక్‌కి తగిలినప్పుడు కరెంటు మన ఒంట్లోంచి పోతుంది. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీదే ఎర్త్ లేని మైక్ పట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు.

మన పందిళ్ళలో జనరేటరు ఒకవైపు, హాలు కరెంటు ఒకవైపు, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్లు ఇంకోవైపు. గుయ్యిమనే మోత పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళూ ఉన్నారు. అలా ఎవరు చేసినా ఒప్పుకోవద్దు. మోత తగ్గాలంటే డీఐ బాక్సు మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే మీట ఉంటుంది, అది నొక్కితే ప్రమాదం లేకుండా తగ్గుతుంది. స్టేజీ మీద సామానంతా ఒకే సప్లయి నుంచి తీసుకోమని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమని అడగండి. లైట్లు వెలిగి ప్లగ్గు పరిస్థితి చెప్పే మూడు పిన్నుల టెస్టరు మీ సంచిలో ఉంచుకోండి. చిన్న షాక్ తగిలినట్టు అనిపించినా వాయించడం ఆపెయ్యాల్సిందే. 'ఏం కాదులేమ్మా' అన్నవాళ్ళ మాట వినకండి.

చెవులు కూడా జాగ్రత్త. 85 డెసిబెల్స్ మోత దగ్గర ఎనిమిది గంటల దాకా ఉండొచ్చంటారు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే! డ్రమ్స్ పక్కన నిలబడేది మనమే కదా. సంగీతకారుల కోసం చేసిన ఇయర్ ప్లగ్గులు స్వరాన్ని చెడగొట్టకుండా మోతని తగ్గిస్తాయి.

ఇదీ లెక్క

చివరికి మా వీధి అమ్మాయికి అయిన ఖర్చు: తీగలు 2,200 రూపాయలు, తోలు బెల్టు 1,400, జాకూ ఒక గుండీ టాంకా పనితో కలిపి 600, డీఐ ఉన్న ప్రీఆంప్ పెడల్ 11,500, మంచి కేబుళ్ళు రెండు 1,800, ఇయర్ ప్లగ్గులు 1,500. మొత్తం 19,000. బిగింపులు మా వరండాలో కూర్చుని తనే చేసుకుంది. మిగిలిన 21,000 బ్యాంకులో ఉన్నాయి.

పెడల్ కొనడానికి వాళ్ళ నాన్నతో వెళ్ళింది. కౌంటర్లో మనిషి అలవాటు ప్రకారం "సార్, పాపకి ఈ పెద్ద సెట్టు తీసుకోండి, 200 వాట్లు" అన్నాడట ఆయనతో. ఈ పిల్ల "దీని బాక్సు ఎన్ని ఓమ్‌లండీ? సెన్సిటివిటీ ఎంత? డీఐ ఉందా, గ్రౌండ్ లిఫ్ట్ ఉందా?" అని వరసపెట్టి అడిగిందట. ఆయన కాసేపు చూసి, "ఒక్క నిమిషం మేడమ్" అని ఈసారి తనవైపు తిరిగాడట! తర్వాతి ఫంక్షన్లో ముద్ద సౌండు లేదు, గరగర లేదు. ముప్పావుగంట ఏకబిగిన వాయించినా భుజం పట్టలేదని చెప్పింది.

అందుకే మీరు కొట్టుకి బయల్దేరేముందు ఓ కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. నాకిప్పుడున్న ఇబ్బంది ఏమిటి? అది తీగలతో, బిగింపుతో, టాంకాతో పోతుందా? పోకపోతే నేను కొనబోయే వస్తువు ఆ ఇబ్బందినే తీరుస్తుందా? మూడింటికీ జవాబు రాయగలిగాకే పర్సు తియ్యండి. ఆ కాగితం పట్టుకుని మాట్లాడాల్సింది కూడా అన్నయ్యో నాన్నగారో కాదు, వాయించే అమ్మాయే!